రెండుసార్లు ఫెయిల్.. రక్తం గుట్టు పట్టారు!

మెట్రిక్‌లో రెండుసార్లు ఫెయిల్. మెడిసిన్ చదివితే ఎంబీబీఎస్ రాలేదు, చేతికొచ్చింది ఎల్ఎంఎస్. ఈ రెజ్యూమె ఇవాళ ఏదైనా కంపెనీకి పంపితే తెరిచి చూస్తారా? మీరే చెప్పండి. ఇది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఆ పేపర్‌తోనే పూర్తి డిగ్రీ చేజారింది.

కానీ ఆయన్ని వెంటాడింది మార్కులు కాదు. సొంత అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో పేగులు పోషకాలను పీల్చుకోలేవు. మనిషి రక్తం లేక పాలిపోతాడు.

ఎందుకలా? మన ఎముక మజ్జలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. కణం రెండుగా విడిపోవాలంటే ముందు డీఎన్ఏను కాపీ చేసుకోవాలి. దానికి ఫోలిక్ యాసిడ్ ఉండాల్సిందే. అది లేకపోతే కణం లావెక్కుతుంది గానీ విడిపోదు, పచ్చిగానే మిగిలి చాలావరకు మజ్జలోనే నశిస్తుంది. ఎర్రకణాలు పెంచమని కిడ్నీల నుంచి ఎరిత్రోపోయిటిన్ సిగ్నల్ వస్తూనే ఉంటుంది, సరుకే ఉండదు. మా కోడింగ్ వాళ్ల లెక్కలో చెప్పాలంటే కమాండ్ కరెక్టే, ఒక్క లైబ్రరీ లేక బిల్డ్ ఆగిపోయిందన్నమాట.

1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువు, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగే పని. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ చదివే వాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని విడదీశారు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు!

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన టీమ్ 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లోనే తయారుచేసింది. అది ఇస్తే స్ప్రూ రోగుల్లో రక్తం మళ్లీ పెరగసాగింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి కథ. అదే అణువును కాస్త మార్చి టీమ్ అమినాప్టెరిన్ చేసింది. ఇది ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది. మరి రక్తకణాలు అదుపు తప్పి పెరిగే ల్యుకేమియాలో కావాల్సింది అదేగా? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే అనుకోండి. కానీ అప్పటిదాకా ఆ మాత్రం కూడా లేదు. దీని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

లివర్‌లో రక్తం పెంచే ఇంకో పదార్థం కోసమూ ఏళ్లతరబడి వెతికారు. అది బీ12. 1948లో వేరేవాళ్లు దాన్ని విడదీశారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకు, న్యూయార్క్‌లో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. 1922లో ఇంటి దగ్గర వదిలి వెళ్లిన భార్య శేషగిరిని ఆయన మళ్లీ చూడలేదు.