బళ్లారి రాఘవ

పావగడ తాలూకా పల్లెల్లో పొలం పనులు తీరిన రోజుల్లో పౌరాణిక నాటకాలు ఆడటం పాత వాడుక. పందిరి వేసి, తెర కట్టి, తెల్లవారే వరకు ఆట సాగుతుంటే ఊరంతా చాపలు పరచుకొని చూస్తుంది. తెలుగు మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు పక్కపక్కనే కూర్చుంటారు. నాటకం వట్టి వినోదం కాదనీ, సంఘంలోని లోపాలను సరిదిద్దే సాధనమనీ నమ్మి, అందుకోసం జీవితమంతా పాటుపడిన మహానటుడు ఒకరు బళ్లారిలో ఉండేవారు. ఆయనే బళ్లారి రాఘవ.

రాఘవ పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. తల్లి శేషమ్మ, తండ్రి నరసింహాచార్యులు. తండ్రి బళ్లారిలో ఉపాధ్యాయులుగా పనిచేసేవారు. అందువల్ల రాఘవ బాల్యం, చదువు బళ్లారిలోనే సాగాయి. ఆనాడు బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953లో అది మైసూరు రాష్ట్రంలో చేరింది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఆ ఊరిలో పెరగడం వల్ల రాఘవకు రెండు భాషలూ చిన్ననాటి నుంచే అలవడ్డాయి.

రాఘవ మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గొప్ప నాటక రచయిత. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని పేరు పొందినవారు. ఆయన బళ్లారిలో సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని స్థాపించారు. అదే ఊరిలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపేవారు. ఈ వాతావరణంలో పెరిగిన రాఘవకు నాటకాలపై మక్కువ కలగడంలో ఆశ్చర్యం లేదు.

రాఘవ మద్రాసులో న్యాయశాస్త్రం చదివి బళ్లారిలో న్యాయవాది అయ్యారు. క్రిమినల్ కేసులు వాదించడంలో దిట్ట అని పేరు తెచ్చుకొన్నారు. పగలు నల్లకోటు, రాత్రి నాటకాల దుస్తులు! వకీలు వృత్తి ఆయనకు జీవనాధారం. నాటకాన్ని మాత్రం ఆయన డబ్బు సంపాదించే మార్గంగా చూడలేదు. ఎన్నో ప్రదర్శనలను సత్కార్యాల సహాయార్థం ఇచ్చారు.

ఆ కాలంలో నటులు పద్యాలను దీర్ఘమైన రాగాలతో పాడేవారు. కథ ఆగిపోయినా రాగం ఆగేది కాదు. ప్రేక్షకులు కోరితే పాడిన పద్యాన్నే మళ్లీ పాడేవారు. రాఘవకు ఈ పద్ధతి నచ్చలేదు. పాత్ర పడే బాధ నటుని ముఖంలో, గొంతులో, నడకలో కనిపించాలని ఆయన భావించారు. కోలాచలం వారి నాటకంలో పఠాను రుస్తుం పాత్ర ఆయనకు ఎంతో కీర్తి తెచ్చింది. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, హరిశ్చంద్రుడు మొదలైన పాత్రలనూ ధరించారు. ఇంగ్లీషులో షేక్‌స్పియర్ నాటకాలు కూడా ఆడారు. బెంగళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్ కార్యక్రమాల్లో ముఖ్య పాత్ర వహించారు.

అయితే రాఘవ చేసిన అన్నింటికంటే కష్టమైన పని వేరే ఉంది. అప్పట్లో స్త్రీ పాత్రలను కూడా సాధారణంగా పురుషులే ధరించేవారు. రంగస్థలం ఎక్కిన స్త్రీని సంఘం చులకనగా చూసేది. స్త్రీ కష్టాన్ని స్త్రీయే నటిస్తేనే సహజంగా ఉంటుందనీ, నాటకం గౌరవమైన కళ అయితే అందులో స్త్రీకి కూడా గౌరవస్థానం ఉండాలనీ రాఘవ వాదించారు. పేరున్న వకీలు ఇలాంటి పనికి పూనుకొంటే నలుగురూ నిందిస్తారని ఆయనకు తెలుసు. అయినా వెనుదీయలేదు. చదువుకొన్న కుటుంబాల స్త్రీలను ప్రోత్సహించి తమతో సమానంగా రంగస్థలం మీద నిలబెట్టారు. అలా వచ్చినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి ఒకరు. స్త్రీల సమస్యను చర్చించే పి.వి. రాజమన్నార్ నాటకం ‘తప్పెవరిది’ని రాఘవ ప్రదర్శించారు. తానే ‘సరిపడని సంగతులు’ అనే నాటకం రచించారు. రాజులు, దేవతలు మాత్రమే కనిపించే వేదిక మీదికి ఇంటింటి కష్టాన్ని తెచ్చిన నాటకాలివి.

1927లో గాంధీజీ అనారోగ్యం కారణంగా మైసూరు సంస్థానంలోని నంది కొండ మీద, తరువాత బెంగళూరులో విశ్రాంతి తీసుకొన్నారు. ఆ సందర్భంలోనే రాఘవ హిందీలో ప్రదర్శించిన ‘దీనబంధు కబీర్’ నాటకాన్ని ఆయన చూశారు. హిందువులు, ముస్లిములు ఇద్దరూ తమవాడని చెప్పుకొనే భక్తుడు కబీరు. మతాల మధ్య కలిగే గాయాలను మాన్పడానికి ఇంతకంటే తగిన కథ ఏముంటుంది? గాంధీజీ ఆ ప్రదర్శనను మెచ్చుకొన్నారు. అంతకు ముందు రవీంద్రనాథ్ ఠాగూరు కూడా రాఘవ నటనను చూసి ఆనందించారు. 1928లో రాఘవ ఇంగ్లండుకు వెళ్లి ప్రసిద్ధ నాటక రచయిత బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు.

సినిమాల్లో రాఘవ తక్కువగానే నటించారు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’, 1939లో ‘రైతుబిడ్డ’, 1940లో ‘చండిక’ వచ్చాయి. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ రైతుల కష్టాలను చూపి, జమీందారుల ఆగ్రహానికి గురైన చిత్రం. అటువంటి చిత్రంలో నటించడానికి రాఘవ సంకోచించలేదు.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ మరణించారు. బళ్లారిలో ఆయన పేరిట ఒక కళామందిరం వెలసింది. ఆయనను తెలుగువారు తమవాడని అంటారు, కన్నడిగులు కూడా తమవాడనే అంటారు. రెండు మాటలూ నిజమే. ఏ ఊరి నాటకంలోనైనా స్త్రీ పాత్రను స్త్రీయే ధరించి, అందరి ఎదుట తలెత్తుకొని నిలబడిన రోజున, దాని వెనుక రాఘవ వంటివారి ధైర్యం ఉందని మనం గుర్తుంచుకోవాలి.

పదాలు – అర్థాలు
మక్కువ = ఇష్టం
దిట్ట = నేర్పరి
చులకన = తక్కువ చూపు
వెనుదీయు = వెనుకంజ వేయు
సంకోచించు = జంకు

ప్రశ్నలు
1. రాఘవకు నాటకాలపై మక్కువ కలగడానికి కారణాలేవి?
2. ఆనాటి నటనా పద్ధతిలో రాఘవకు నచ్చనిదేమిటి?
3. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ ఎందుకు వాదించారు?
4. మీ ఊరిలో ఆడే ఒక నాటకాన్ని గురించి పది వాక్యాలు వ్రాయండి.