గున్‌పెయి యోకొయి

గున్‌పెయి యోకొయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాన్ దేశానికి చెందిన ప్రసిద్ధ వీడియో గేమ్ యంత్రాల రూపకర్త. నింటెండో సంస్థలో మూడు దశాబ్దాలు పనిచేసి గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ యంత్రాలను రూపొందించాడు. పాత యంత్రాలను సేకరించి బాగుచేసేవారికి ఈయన పేరు సుపరిచితం.

బాల్యం, ఉద్యోగం

యోకొయి క్యోటో నగరంలో జన్మించాడు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండోలో చేరాడు. అప్పట్లో ఆ సంస్థ హనఫుడా అనే పేకముక్కలను తయారుచేసేది. ఆ యంత్రాల నిర్వహణ ఈయన పని. తీరిక వేళల్లో సరదాగా చేసుకున్న ఒక సాగే చేతి బొమ్మ సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. అది 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలై పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దీంతో యోకొయి బొమ్మల రూపకల్పనకు మారాడు.

గేమ్ అండ్ వాచ్

రైలులో ఒక ప్రయాణికుడు కాలక్షేపానికి కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ ఉండగా చూసి, యోకొయి జేబులో పట్టే ఆటవస్తువును ఊహించాడు. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్‌లో కాలిక్యులేటరులో వాడే తరహా తెరనే ఉపయోగించాడు. ఇవి ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 1990లలో భారతదేశంలో పిల్లలు ఆడుకున్న బ్రిక్ గేమ్ బొమ్మల తెర కూడా ఇటువంటిదే. 1982 నాటి డాంకీ కాంగ్ నమూనాలో ఈయన ప్రవేశపెట్టిన కూడిక గుర్తు ఆకారపు మీట తరువాతి కాలంలో అనేక యంత్రాలలో కనిపిస్తుంది.

గేమ్ బాయ్

బాగా వాడుకలో ఉండి, ధర తగ్గిన సాంకేతికతను కొత్త పనికి మళ్ళించాలన్నది యోకొయి సిద్ధాంతం. సతోరు ఒకాడా తదితరులతో కూడిన ఈయన బృందం రూపొందించిన గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదలైంది. ప్రత్యర్థుల యంత్రాలకు వెలుగునిచ్చే రంగుల తెరలు ఉండగా, దీనికి నాలుగు ఛాయల తెర మాత్రమే ఉండేది. అయితే ధర తక్కువ. నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11.8 కోట్లకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి.

పాత యంత్రాల గుర్తింపు, మరమ్మతు

మొదటి గేమ్ బాయ్ వెనుక భాగంలో డి.ఎం.జి.-01 అనీ, 1996 నాటి పాకెట్‌పై ఎం.జి.బి.-001 అనీ, 1998 నాటి కలర్‌పై సి.జి.బి.-001 అనీ నమూనా సంఖ్య ఉంటుంది. మూడు గాట్ల స్క్రూలు విప్పడానికి ప్రత్యేకమైన స్క్రూడ్రైవరు అవసరం. సాధారణంగా కనిపించే లోపాలు మూడు.

బ్యాటరీ కారి తుప్పుపట్టిన పట్టీలను వెనిగర్‌తోనూ, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ శుభ్రం చేస్తారు. తెరపై నిలువు గీతలు మాయమైతే, తెర అడుగున ఉన్న పలుచని పట్టీ అతుకును సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా వేడిచేస్తారు. వేడి ఎక్కువైతే తెర శాశ్వతంగా పాడవుతుంది. ఆట పురోగతి నిలవకపోతే క్యాట్రిడ్జిలోని నాణెం ఆకారపు బ్యాటరీని మార్చాలి. అప్పటికి అందులో ఉన్న పురోగతి సాధారణంగా చెరిగిపోతుంది. ఈ పనిముట్లు హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో లభిస్తాయి.

వర్చువల్ బాయ్, మరణం

1995లో విడుదలైన వర్చువల్ బాయ్ ఎరుపు రంగు బొమ్మలను మాత్రమే చూపేది. ఇది విఫలమై ఏడాదిలోపే జపాన్ విపణి నుండి తొలగిపోయింది. 1996 ఆగస్టులో యోకొయి రాజీనామా చేశాడు. ఈ వైఫల్యమే కారణమని ప్రచారం జరిగినా, సొంత సంస్థ స్థాపించాలన్న ఆలోచన ఆయనకు ముందునుంచే ఉంది. ఆయన కోటో సంస్థను స్థాపించి, బందాయ్ కోసం వండర్‌స్వాన్ రూపకల్పనలో పాల్గొన్నాడు.

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు ఒక లారీని ఢీకొంది. నష్టాన్ని చూడటానికి కిందికి దిగినప్పుడు మరొక కారు ఢీకొని, 56వ యేట మరణించాడు. ఒకే బ్యాటరీతో నడిచే వండర్‌స్వాన్ 1999లో విడుదలైంది. అందులోని గున్‌పే అనే ఆటకు ఆయన పేరే పెట్టారు. 2003లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం (ఐ.జి.డి.ఎ.) ఆయనకు మరణానంతరం జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించింది.