శ్వాసను తూచిన యోగి

భయము కలిగినప్పుడు మానవునకు మొట్టమొదట మారునది ఊపిరి. గుండె దడదడలాడును, శ్వాస పొట్టిదై తడబడును. ఆపద తొలగిన పిదపను కొందరి శ్వాస కుదుటపడదు. శరీరము నాటి భయమును విడువక మోయుచునే యుండును. చిత్తము చెదరినప్పుడు శోకముతోను, అంగకంపముతోను పాటు శ్వాసయు గతి తప్పునని పతంజలి మహర్షి యేనాడో గుర్తించెను. కాని యొక విద్య ప్రాచీనమగుట చేతనే సత్యము కాజాలదు. పరులు పరిహసించుట చేతనే యసత్యమును కాదు. దానిని పరీక్షించి చూడవలెను. ఈ పరీక్షకే జీవితమును ధారవోసిన మహనీయులు స్వామి కువలయానందులు.

వీరి పూర్వనామము జగన్నాథ గణేశ గుణే. 1883 ఆగస్టు 30వ తేదీన గుజరాతునందలి డభోయిలో జన్మించిరి. సంస్కృతమున ప్రతిభ చూపి విద్యార్థి వేతనము బడసిరి. బరోడా కళాశాలలో చదువుచున్న కాలమున అరవిందుల ప్రభావమును, తిలక్ మహాశయుని దేశభక్తియు వీరి హృదయమున నాటుకొనెను. అచ్చటనే మాణిక్‌రావుగారి వ్యాయామశాలలో 1907 మొదలు 1910 వరకు దేశీయ వ్యాయామమును అభ్యసించిరి. పిమ్మట ఖాందేశమునందలి అమలనేరులో ఉపాధ్యాయులై, 1920లో అచ్చటి జాతీయ కళాశాలకు అధ్యక్షులైరి. జాతీయభావము ప్రబలుటను సహింపని ఆంగ్లప్రభుత్వము 1923లో ఆ కళాశాలను మూయించెను.

అంతకు పూర్వమే, 1919లో, నర్మదాతీరమునందలి మాల్సరులో పరమహంస మాధవదాసుల దర్శనము లభించెను. వారి సన్నిధిని నేర్చిన యోగము గుణేగారిని ముగ్ధుని జేసెను గాని, ప్రశ్నించుట మాన్పలేదు. తమ శిష్యులపైననే బరోడా వైద్యశాలలో పరీక్షలు ప్రారంభించిరి. 1924లో లోణావళాయందు కైవల్యధామమును స్థాపించి, ఆ యేడే యోగమీమాంస యను త్రైమాసపత్రికను వెలువరించిరి. ఎక్స్‌రే యంత్రము, రక్తపు పోటును కొలుచు సాధనములు యోగశాలలో ప్రవేశించినది అప్పుడే.

వీరి గొప్పతనము తేలిన ఘట్టమొకటి కలదు. ప్రాణాయామముచే దేహమునకు విశేషముగా ప్రాణవాయువు లభించునని యోగప్రియులు చాటుచుండిరి. స్వామివారు కొలిచి చూడగా ఆ మాట నిలువలేదు. జాత్యభిమానియైన వేరొకరు ఆ ఫలితమును దాచియుందురు. వీరు దానిని ప్రకటించిరి. దాని విలువ గాలి పరిమాణమున గాక, నాడీమండలమునకు కలుగు శిక్షణమున వెదకవలెనని బోధించిరి. పీల్చుటకు పట్టిన కాలమునకు రెట్టింపు కాలమున మెల్లగా విడువుమనియు, గురువు చెంత లేక శ్వాసను బంధింపరాదనియు హెచ్చరించిరి.

1927లో అధికశ్రమచే రక్తపు పోటు హెచ్చి మంచము పట్టిన గాంధీమహాత్ముడు వీరికి లేఖలు వ్రాసి, సలహా పొంది, యోగాభ్యాసములు చేసి చూచెను. 1936లో బొంబాయిలో ఆరోగ్యకేంద్రము వెలసెను. 1963లో వైద్యుడగు వినేకరుతో కలసి యోగచికిత్సపై గ్రంథము ప్రకటించిరి. 1966 ఏప్రిల్ 18వ తేదీన స్వామివారు దేహము చాలించిరి.

వారు చూపిన త్రోవ నేటి శాస్త్రమునకును సమ్మతమే. గాలి పీల్చునప్పుడు గుండె కొంచెము వేగముగను, విడుచునప్పుడు నెమ్మదిగను కొట్టుకొనును. మెదడునుండి దిగు వేగస్ నాడి ఈ కళ్లెమును పట్టియుండును. అందుచే దీర్ఘమైన రేచకము కలతపడిన దేహమునకు ఆపద గడచినదను వార్త నందించును. 2004 నాటి సునామీలో సర్వమును గోల్పోయి తమిళనాట శిబిరములలో తలదాచుకొన్న 183 మందిపై జరిగిన పరిశోధన 2010లో వెలువడెను. శ్వాసాభ్యాసము నేర్చినవారికి ఆరు వారములలో, ఇంకను నేర్వక వేచియున్నవారికంటె, భీతియు విషాదమును మిక్కిలి తగ్గెనని అందు తేలెను. ఒక్క పరిశోధనచే సర్వమును నిర్ధారణ కాదు; అయినను ఆశకు ఆధారము కలదు.

కాని యీ ఆశను అమ్ముకొనువారు నేడు పెక్కురు. వారములో సర్వరోగములు మాయమగునని చెప్పువారిని నమ్మి వైద్యుని విడుచుట ప్రమాదము. ఘోరమును గన్నవారిలో కొందరికి ఊపిరి బిగబట్టుటయే పాత భయమును మేల్కొల్పును. అట్టివారికి బలవంతము తగదు. కన్నులు తెరచి, నమ్మినవారి తోడున, మెల్లని శ్వాసతో ఆరంభించుటయే మేలు. అందును నెమ్మది కలుగనిచో మానుకొనుటలో తప్పు లేదు.

మన విద్యలయందు అభిమానము ఉండవలసినదే. అయితే బాధితునకు పనికివచ్చునది మన గర్వము కాదు, సత్యము. కువలయానందులు జాతికి చేసిన సేవ ప్రాణాయామమును పొగడుట కాదు. దానిని త్రాసులో నుంచుటకు జంకకుండుట.