సర్ రొనాల్డు రాసు

అమీరుపేట, పంజగుట్టల కనతిదూరమున బేగంపేటయందు సర్ రొనాల్డు రాసుపేర నొక పరిశోధనాలయ భవనము కలదు. దాని ప్రక్కగా పోవువారిలో ఆ పేరు గలవా డెవడో యెఱిగినవారు కొందఱే.

రాసు 1857వ సంవత్సరము మే 13వ తేదీని అల్మోరాలో జన్మించెను. తండ్రి భారతసైన్యమున సేనాని. బాలునకు కవిత్వమనిన, గణితమనిన మక్కువ. వైద్యమనిన నంతగా లేదు. అయినను తండ్రి కోరికచే వైద్యుడై 1881లో ఇండియా వైద్యశాఖలో చేరెను.

మలేరియా క్రిమి దోమలో పెరుగవచ్చునని 1894లో లండనునందు పాట్రికు మాన్సను అతనికి బోధించెను. మఱుసటి యేట సికిందరాబాదు చేరిన రాసు, రెండేండ్లపాటు ఎన్నియో దోమలను కోసి చూచినను క్రిమి జాడ కానరాలేదు. అతడు చూచిన జాతియే వేఱు. కనబడలేదు గనుక లేదని యతడు తీర్మానింపకుండుట లోకుల భాగ్యము.

1897 ఆగష్టు 16వ తేదీని హుస్సేనుఖానను రోగిని, దోమ కొక అణా చొప్పున నిచ్చి, మచ్చల ఱెక్కల దోమలచే కుట్టించెను. 20వ తేదీని అందొకదాని జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. మఱునాడు మఱియొకదానిలో నవి యింకను పెద్దవై యుండెను. ఆ డిసెంబరున అచ్చయిన వ్యాసమున కాధారము రెండే దోమలు!

క్రిమి దోమలో పెరుగునని చూపుటకు రెండు చాలును. నూటి కెన్నింటిలో నున్నదో చెప్పుటకు చాలవు. గణితప్రియుడగు రాసు ఈ భేదమును చక్కగ నెఱుగును. 1902లో నోబెలు బహుమాన మందిన పిదప, 1911లో స్టాటు అను నతనితో గూడి గణాంకదోష పట్టికలను ప్రకటించెను. ఎన్నింటిని పరీక్షించిన, తేలిన లెక్కలో నెంత పొరపాటుండునో వానివలన తెలియును.

పదింట నొక దోమలో క్రిమి యున్నదనుకొందము. పదింటినే చూచితిమేని, నూటికి 35 పర్యాయములు ఒక్కదానను కనబడదు. 29 చూచిన నా ప్రమాదము నూటి కైదుకు లోపగును. పొరపాటును సగము చేయవలెనన్న నాలుగింతలు చూడవలెను. విద్యార్థులు తామే గుణించి చూచుకొనవచ్చును.

నేడీ లెక్కను జీ-పవరు వంటి సాఫ్టువేరు క్షణములో చేయును. గణాంక సాఫ్టువేరు నేర్పు శిక్షణాలయములు అమీరుపేటలో నున్నవి. పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞానసంస్థ యున్నది. క్రొత్త మందును పరీక్షించు వైద్యుడు, ఎందఱు రోగులు కావలయునో ముందే లెక్కించి చెప్పవలెను. తక్కువైన, మంచి మందు పనికిరానిదిగా తోచును; రోగులు పడిన శ్రమ వ్యర్థము. ఎక్కువైన, నిష్కారణముగ పలువురు పరీక్షకు లోనగుదురు.

రాసు 1932 సెప్టెంబరు 16వ తేదీని లండనునందు కాలధర్మము నొందెను. అణాలు పుచ్చుకొన్న హుస్సేనుఖాను తరువాతి చరిత్రను మాత్రమెవరును వ్రాసినట్లు కానరాదు.