కంప్యూటర్ కాలాన్ని పంచిపెట్టిన స్ట్రేచీ

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అంత పెట్టుబడి పెట్టిన కొలిమిని రాత్రయిందని ఆర్పేయలేరు. అది మండుతూనే ఉంటుంది, మనుషులే మూడు షిఫ్టుల్లో మారాలి. పొట్ట చేతపట్టుకుని అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే నెలలో బ్రిటన్‌లో క్రిస్టోఫర్ స్ట్రేచీ ఒక పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఆయన లెక్కా అలాంటిదే: ఖరీదైన కంప్యూటర్ ఊరికే కూర్చోకూడదు.

స్ట్రేచీ 1916లో లండన్‌లో పుట్టారు. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ భారతదేశంలో ఇంజనీరుగా, అధికారిగా పనిచేశారు. తండ్రి ఆలివర్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో ఉద్యోగం చేసి, తరువాత గూఢలిపి నిపుణుడయ్యారు. ఇంత పేరున్న ఇంట్లో పుట్టినా చదువు సాఫీగా సాగలేదు. కేంబ్రిడ్జ్‌లో మానసికంగా కుంగిపోయారు, డిగ్రీ మామూలు మార్కులతోనే గట్టెక్కింది. యుద్ధం ముగిశాక బడిపంతులుగా స్థిరపడ్డారు. హారో స్కూల్లో పాఠాలు చెబుతూనే 1951లో సెలవురోజుల్లో డ్రాఫ్ట్స్ ఆట ప్రోగ్రామ్ రాశారు. మాంచెస్టర్ యంత్రంతో బ్రిటిష్ జాతీయగీతం కూడా పలికించారు. మరుసటి ఏడాది ప్రభుత్వ పరిశోధనాభివృద్ధి సంస్థ ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకుంది.

అప్పటి యంత్రాల్లో కార్డు రీడరూ ప్రింటరూ నత్తనడక నడిచేవి, లెక్కలు చేసే భాగం వాటి కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఒక ప్రోగ్రామ్ ఆగితే యంత్రాన్ని మరోదానికి అప్పగించాలనీ, ఒక మనిషి కన్సోల్ దగ్గర తప్పులు సరిదిద్దుకుంటున్నా మిగతా పని నడవాలనీ స్ట్రేచీ వాదన. 1959 జూన్‌లో పారిస్ యునెస్కో సదస్సులో దీన్నే టైమ్ షేరింగ్ అన్నారు.

పంపకం పెట్టడం తేలికే, అమలు చేయడమే కష్టం. యంత్రాన్ని చేజిక్కించుకున్న ప్రోగ్రామ్ వదలకపోతే? దాన్ని ఆపాల్సిన కెర్నల్ కూడా ఒక ప్రోగ్రామే, ప్రాసెసర్ చేతికొస్తే తప్ప అది ఏమీ చేయలేదు. అందుకే హార్డ్‌వేర్ గడియారం కావాల్సి వచ్చింది. అది నిర్ణీత వ్యవధిలో ప్రాసెసర్ తలుపు తడుతుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగుతుంది, కెర్నల్ దాని ఖాతాలో వాడిన కాలం రాసుకుంటుంది, వాటా అయిపోతే రిజిస్టర్లు భద్రపరిచి మరొకరికి అవకాశమిస్తుంది. తొలినాటి లినక్స్‌లో ఈ తట్టుడు సెకనుకు 100 సార్లు. మరీ తరచుగా తడితే లెక్కలు రాసుకోవడానికే కాలం ఖర్చవుతుంది, మరీ అరుదైతే కీబోర్డు ముందున్న మనిషి విసుక్కుంటాడు. ఇప్పటి కెర్నళ్లు పనిలేనప్పుడు గడియారాన్నే పడుకోబెట్టి, బ్యాటరీ ఆదా చేస్తున్నాయి.

1961లో ఎంఐటీలో కోర్బాటో బృందం పలువురు ఒకేసారి వాడుకునే వ్యవస్థను చూపించాక, టైమ్ షేరింగ్ అన్న మాట అటే ఒరిగిపోయింది. తాను ఊహించింది అది కాదని 1974లో డొనాల్డ్ నూత్‌కు రాసిన ఉత్తరంలో స్ట్రేచీ నిజాయితీగా ఒప్పుకున్నారు, అయితే ఆ మాటకు తన అర్థమే సహజమని పట్టుబట్టారు. పేరు పోయినా పట్టు పోలేదన్నమాట!

ఆయన పాలుపంచుకున్న సీపీఎల్ భాష నుంచి బీసీపీఎల్, దాన్నుంచి బీ, ఆపై సీ వచ్చాయి. లినక్స్ కెర్నల్‌లో అధికభాగం సీలోనే ఉంది. 1971లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరైన స్ట్రేచీ, 1975 మే 18న హెపటైటిస్‌తో 58 ఏళ్లకే కన్నుమూశారు.