బ్రెడ్ ముక్కలో భీమవరం

టకానిని (న్యూజిలాండ్): తెల్లారకముందే డ్యూటీకి బయల్దేరేటప్పుడు మనలో చాలామంది బ్యాగులో పెట్టుకునేది నాలుగు బ్రెడ్ ముక్కలే. ఆ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంటుందో ఎవరం చూడం. ఒక్కసారి చూడండి, ఫోలిక్ యాసిడ్ అని కనిపిస్తుంది. బ్రెడ్డుకు వాడే గోధుమపిండిలో దీన్ని కలపడం న్యూజిలాండ్‌లో 2023 ఆగస్టు 14 నుంచి తప్పనిసరి చేశారు. ఆర్గానిక్ పిండికి మాత్రం మినహాయింపు. దీనికీ మనకీ సంబంధం ఏమిటంటారా? ఆ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం మనిషే. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు మొదట్లో ఏమంత సజావుగా సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. తెల్లదొర ప్రొఫెసర్‌కి అది గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రావాల్సిన మనిషి, అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మనవాళ్లు గ్రహణి అనేది ఇలాంటి జబ్బునే. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, నాలుక పూయడం, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా అయిపోవడం. సుబ్బారావుకీ ఆ జబ్బు సోకితే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. డాక్టరు చదువు చదివి కూడా తోడబుట్టినవాళ్లను దక్కించుకోలేకపోయానన్న బాధ ఆయన్ని వదల్లేదు.

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆసరాతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. 1919లో పెళ్లాడిన భార్య శేషగిరి గారు ఇంటిదగ్గరే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు.

పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పరాయి దేశంలో నైట్ డ్యూటీ అంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కష్టంలోనే సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని కనిపెట్టారు. 1925లో ప్రచురించిన ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ పెట్టారు. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై పరిశోధనలు చేశారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో చేరారు.

ఫోలిక్ యాసిడ్ ఆయన ఒక్కరి ఘనతే అనడం న్యాయం కాదు. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని చూపించారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి పేరు పెట్టారు. అయితే టన్నుల కొద్దీ ఆకుకూర పిండినా వచ్చేది చిటికెడే. రోగులకు ఎలా సరిపోతుంది? 1945లో సుబ్బారావు బృందం దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది. త్వరలోనే క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, కానీ ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా.

ఆయన ఆధ్వర్యంలోనే బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వెళ్లిన మనిషి మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. శేషగిరి గారి ఎదురుచూపులు అలాగే మిగిలిపోయాయి. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆమెనీ తలుచుకోవాలి.

ఇక పిండిలో ఎందుకు కలిపారంటే, కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తల్లికి తెలిసేలోపే ఆ పని అయిపోతుంది. అప్పుడు ఫోలేట్ చాలకపోతే బిడ్డ వెన్ను లోపంతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే రోజూ తినే తిండిలోనే ఉండాలన్నారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇక్కడివాళ్ల రోజూ తిండి బ్రెడ్డు. మనది అన్నం. రెండు పూటలా అన్నమే వండుకునే ఇంటికి బ్రెడ్డులోని విటమిన్ అంతగా అందదు. ఎవరి కంచంలో ఏముంటుందో అందులోనే పోషకం పెరగాలి. ఆ దారిలో మన దగ్గరా పని జరిగింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ ఇనుము ఎక్కువుండే ధనశక్తి సజ్జను, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువుండే డీఆర్ఆర్ ధన్ 45 వరిని తయారుచేశాయి. 2007లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు జన్యుమార్పిడితో ఫోలేట్ బాగా పెరిగిన వరిని పండించి చూపించారు.

అంతవరకూ మన చేతిలో ఉన్నది పాలకూర, తోటకూర, పెసలు, సెనగలు. కూర మరీ ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అందులోని ఫోలేట్ చాలావరకు పోతుంది. పిల్లల కోసం చూస్తున్న ఆడపడుచులైతే గర్భం రావడానికి నెల ముందు నుంచి పన్నెండు వారాలు నిండేదాకా ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని న్యూజిలాండ్ ఆరోగ్యశాఖ సలహా. మామూలుగా అది 0.8 మిల్లీగ్రాములు, డాక్టర్‌ని అడిగి వాడాలి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెల్లెలికో, మరదలికో, కొత్త కోడలికో ఈ ముక్క చెబుదాం. పక్కనుంటే మనమే మాత్ర తెచ్చిపెడదుం, దూరాన ఉన్నాం కాబట్టి మాటైనా చేరవేద్దాం.