ఆకుపచ్చ జంటకు నీలి పిల్ల

తెనాలిలోనో రేపల్లెలోనో ఏదో ఒక ఇంటి వరండాలో లవ్ బర్డ్స్ పంజరం మీరు చూసే ఉంటారు. బడ్జరిగర్ అనే ఈ ఆస్ట్రేలియా చిలుకల్లో ఒక్కోసారి తల్లీ తండ్రీ ఆకుపచ్చగానే ఉన్నా, గూటిలో నీలిరంగు పిల్ల కనబడుతుంది. ఇందుకు మూలమైన సూత్రాన్ని కనుగొన్నది ఒక కతోలిక గురువు, గ్రెగర్ మెండెల్.

ఆయన 1822 జూలైలో, నేటి చెక్ దేశంలో, ఒక రైతు ఇంట జన్మించారు. చదువుకు డబ్బు చాలనప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నంలో కొంత ఇచ్చి ఆదుకొంది. 1843లో బ్రనో పట్టణంలోని పునీత తోమాసు మఠంలో చేరి, 1847లో గురుపట్టం పొందారు. 1850లో ఉపాధ్యాయ పరీక్ష తప్పారు. అయినా పాఠాలు చెప్పడం మానలేదు.

1856 నుండి మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచారు. పసుపు గింజల మొక్కను ఆకుపచ్చ గింజల మొక్కతో సంకరం చేస్తే గింజలన్నీ పసుపే వచ్చాయి. వాటిని నాటితే 6022 పసుపు, 2001 ఆకుపచ్చ గింజలు వచ్చాయి. అంటే పచ్చదనం పోలేదు, దాగి ఉంది! ప్రతి లక్షణానికి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి అంశం వస్తుందని ఆయన గ్రహించారు. వాటినే నేడు జన్యువులంటున్నాం.

1866లో అచ్చయిన ఆ పరిశోధనను దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1868లో మఠాధిపతి అయిన మెండెల్ 1884 జనవరి 6న కన్నుమూశారు. 1900లో గాని లోకం ఆయన విలువ తెలుసుకోలేదు. నేడు బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు చదివేదీ ఆ సూత్రాలే.

ఇక మన చిలుకల సంగతి. ఈకల నిర్మాణం వల్ల కలిగే నీలానికి పసుపు వర్ణకం తోడైతే ఆకుపచ్చ. పసుపును తయారుచేసే జన్యువులో లోపముంటే మిగిలేది నీలం. ఆ జన్యువును 2017లో గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి పిల్లా నీలంగా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు.

చిలుకకు అది అందమే. కాని తలసేమియా వంటి జబ్బులు మన బిడ్డలకు వచ్చేదీ ఈ దారినే. ఒకే రక్తం పంచుకొన్నవారిలో ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. కనుక మేనరికం కలుపుకొనే ముందు డాక్టరుగారి సలహా తీసుకోండి. జబ్బుతో బిడ్డ పుడితే కోడలిని నిందించకండి. అందులో తండ్రి పాలు కూడా సగం ఉంది.